అరవై దాటాక రోజును ఎలా పంచుకోవాలి: తిరగడం, ఆగడం, నిద్రపోవడం

మా నాయనకు డెబ్బై ఆరో ఏట శ్రావణ మాసంలో జ్వరం వచ్చింది. వారం రోజుల్లో తగ్గిపోయింది. కానీ ఇంట్లో అందరం కలిసి ఆయన్ని ఇంకో రెండు వారాలు మంచం దిగనివ్వలేదు. మంచినీళ్లు మంచం దగ్గరికే, అన్నం మంచం దగ్గరికే. "రెస్టు తీసుకో నాయనా" అని నేనే రోజూ నెల్లూరు నుంచి ఫోన్ చేసి చెప్పేదాన్ని. మూడు వారాల తర్వాత ఊరికి వెళ్లేసరికి, వీధి అరుగు మీద కూర్చున్న మనిషి లేవడానికి నా భుజం పట్టుకున్నారు. అంతకు ముందు నెల దాకా పొద్దున్నే పెన్నా కట్ట మీద తూము వరకు నడిచి వచ్చిన మనిషి ఆయన.

ఆ కాళ్ల బలాన్ని జ్వరం కంటే మంచమే ఎక్కువ తినేసింది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లను పది రోజులు మంచం మీదే ఉంచి కొలిచినప్పుడు, రెండు కాళ్లలో కలిపి ఒక కిలోకు దగ్గరగా కండ తగ్గినట్టు తేలింది. ఈ విషయం నాకు అప్పుడు తెలియదు. తెలిసుంటే ఫోన్‌లో వేరే మాట చెప్పేదాన్ని.

ఆయన్ని మళ్లీ నిలబెట్టడానికి ఇంటికి వచ్చిన ఫిజియోథెరపిస్టు చెప్పినవి, డాక్టర్ చెప్పినవి, తర్వాత నేను చదివి తెలుసుకుని ఇంట్లో చేసి చూసినవి ఇక్కడ రాస్తున్నాను. మీకు అరవై దాటితే మీకోసం, మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే వాళ్లకోసం. నాకు అర్థమైనదాన్ని ఒక్క ముక్కలో చెబితే ఇది: పగటి పని, విశ్రాంతి, రాత్రి నిద్ర మూడూ ఒకే ఇరవై నాలుగు గంటల్లోంచి పంచుకుంటాయి. ఒకదాన్ని కదిపితే మిగతా రెండూ కదులుతాయి. రాత్రి నిద్ర పట్టడం లేదనేవాళ్లలో చాలామంది సర్దుకోవాల్సింది పగలు.

ముందు ఒక వారం రాయండి

ఏదీ మార్చకముందు ఒక నోటుపుస్తకం తీసుకుని ఏడు రోజులు ఉన్నది ఉన్నట్టు రాయండి. ఎప్పుడు లేచారు, ఎంతసేపు నడిచారు, ఎంతసేపు కూర్చున్నారు, మధ్యాహ్నం ఎన్నింటికి వాలారు, ఎన్నింటికి లేచారు, రాత్రి ఎప్పుడు తిన్నారు, ఎప్పుడు పడుకున్నారు, మధ్యలో ఎన్నిసార్లు మెలకువ వచ్చింది. కాఫీ, టీ ఎన్నిసార్లో కూడా. టీవీ ముందు కునుకు తీస్తే దాన్నీ రాయాలి. చాలామంది వదిలేసేది అదే.

ఎందుకింత పట్టు పడుతున్నానంటే, మా వీధిలో రిటైరైన ఒక పెద్దాయన రోజూ ఇదే మాట: "మూడింటికల్లా మెలకువ వచ్చేస్తుందమ్మా, ఇక నిద్ర లేదు. అయిదు గంటలైనా పడుకోను." పుస్తకం పెట్టి రాయించాం. రాత్రి పది నుంచి మూడు దాకా అయిదు గంటలు. మధ్యాహ్నం భోజనం చేసి ఒకటిన్నరకు పడుకుని నాలుగింటికి లేవడం, అది రెండున్నర గంటలు. సాయంత్రం సీరియల్ చూస్తూ కుర్చీలోనే అరగంట. మొత్తం ఎనిమిది గంటలు. అరవై అయిదు దాటినవారికి రోజుకు 7 నుంచి 8 గంటల నిద్ర చాలంటారు. అంటే ఆయన నిద్ర ఎక్కడికీ పోలేదు. మధ్యాహ్నానికీ టీవీ కుర్చీకీ వెళ్లి కూర్చుంది. ఆయన అప్పటికే నిద్రమాత్ర కోసం మెడికల్ షాపులో అడిగి వచ్చారు.

వారం అయ్యాక మూడు కూడికలు వేయండి: మొత్తం నిద్ర, మొత్తం నడక, మొత్తం కూర్చోవడం. కెనడా వాళ్లు 2020లో అరవై అయిదు దాటినవారి కోసం ఇరవై నాలుగు గంటలనూ కలిపి ఒక లెక్క ఇచ్చారు. నిద్ర 7 నుంచి 8 గంటలు. కాస్త ఊపిరి పెరిగే కదలిక వారానికి కనీసం 150 నిమిషాలు. కూర్చోవడం రోజుకు 8 గంటలు మించకుండా, అందులో టీవీ, ఫోన్ కాలక్షేపం 3 గంటల లోపు. మన ఇళ్లలో చివరి లెక్క దగ్గరే అందరం దొరికిపోతాం. మీ అంకెలను వీటి పక్కన పెట్టి చూసుకోండి. ఎక్కడ తేడా ఎక్కువ ఉందో అక్కడ మొదలుపెట్టాలి.

లేచే టైము ఒకటే ఉంచండి

పడుకునే టైము మన చేతిలో పూర్తిగా ఉండదు. నిద్ర వచ్చినప్పుడే వస్తుంది. లేచే టైము మాత్రం మన చేతిలో ఉంది. కాబట్టి అయిదున్నర అనుకుంటే ఆదివారమైనా, ముందు రాత్రి సరిగ్గా నిద్రపోకపోయినా అయిదున్నరకే లేవండి. లేచిన దగ్గర్నుంచే శరీరంలో నిద్ర అవసరం కొంచెం కొంచెంగా పోగవుతూ రాత్రికి నిండుతుంది. మధ్యలో పొడుగ్గా పడుకుంటే ఆ పోగు ఖాళీ అవుతుంది.

లేచాక గంటలోపు బయటి వెలుతురులో కనీసం ఇరవై నిమిషాలు ఉండాలి. మిద్దె మీద కానీ, వాకిట్లో ముగ్గు దగ్గర కానీ, మొక్కలకు నీళ్లు పోస్తూ కానీ. ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది కంటికి తగిలే ఆ వెలుతురే. కిటికీలు మూసిన గదిలో ట్యూబ్‌లైట్ కింద పేపర్ చదివితే ఆ పని జరగదు.

ఇంకొక సంగతి కూడా తెలుసుకోవాలి. వయసు పెరిగేకొద్దీ ఆ గడియారం కొంచెం ముందుకు జరుగుతుంది. పొద్దుగూకగానే నిద్ర వస్తుంది, కోడి కూయకముందే మెలకువ వస్తుంది. గాఢనిద్ర తగ్గుతుంది. రాత్రి ఒకటి రెండు సార్లు లేవడం మామూలే. పగలు చురుగ్గా ఉన్నంతవరకు దాని గురించి టెన్షన్ పడొద్దు. ఎనిమిదింటికే పడుకుని మూడింటికి లేస్తున్నారనుకోండి, అది ఏడు గంటల నిద్ర, జబ్బేమీ కాదు. మీకు ఆ టైము ఇబ్బందిగా ఉంటే సాయంత్రం అయిదు, ఆరు మధ్య బయట వెలుతురులో తిరగండి. పడుకునే టైమును మూడు నాలుగు రోజులకోసారి పావుగంట చొప్పున ఆలస్యం చేస్తూ జరపండి. ఒకేసారి రెండు గంటలు జరపాలని చూస్తే రెండో రోజుకే విసుగొస్తుంది.

నడక

వారానికి 150 నిమిషాలంటే రోజుకు అరగంట, వారానికి అయిదు రోజులు. ఒకే విడతలో నడవాలని లేదు. పది నిమిషాల చొప్పున మూడుసార్లు నడిచినా లెక్కలోకి వస్తుంది. వేగం సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి: నడుస్తూ పక్కవారితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. పాట కూడా హాయిగా వస్తుంటే కొంచెం వేగం పెంచండి. మాట కూడా తెగిపోతుంటే తగ్గించండి.

చాలాకాలంగా నడక లేనివారు మొదటి వారం పొద్దున అయిదు నిమిషాలు, సాయంత్రం అయిదు నిమిషాలతో సరిపెట్టుకోవాలి. మూడు నాలుగు రోజులకోసారి రెండేసి నిమిషాలు కలపండి. మా నాయన మొదటి రోజు వాకిలి నుంచి ఎదురింటి వేపచెట్టు దాకా వెళ్లి వచ్చారు, అంతే.

నెల్లూరులో ఉన్నవారికి ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఉంది. సముద్రం దగ్గరివారు మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసుకలో నడిచేటప్పుడు అల తడిపిన గట్టి ఇసుక మీదే నడవండి. పొడి ఇసుకలో పాదం దిగబడి మోకాళ్లకు, పిక్కలకు శ్రమ రెట్టింపవుతుంది. ఊళ్లలో చెరువు కట్ట బాగుంటుంది కానీ గుంటలు, కుక్కలు చూసుకోవాలి. చేతికర్ర తీసుకెళ్లడం నామోషీ అనుకోవద్దు. హవాయి చెప్పులు మానండి. వెనక పట్టీ ఉన్న చెప్పులో, మెత్తటి బూట్లో వేసుకోండి.

మన దగ్గర కాలాన్ని బట్టి కూడా మార్చుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో, ముఖ్యంగా రోహిణి కార్తెలో, పొద్దున ఏడు లోపు నడక ముగించి ఇంట్లో ఉండాలి. వయసు మీద పడ్డాక దాహం సరిగ్గా తెలియదు, కాబట్టి దాహం వేసినా వేయకపోయినా వెళ్లేముందు ఒక గ్లాసు, వచ్చాక ఒక గ్లాసు మజ్జిగో నీళ్లో తాగండి. గుండె, కిడ్నీ జబ్బు వల్ల నీళ్లు కొలిచి తాగమన్నవారు ఆ కొలతే పాటించాలి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వాయుగుండాలు వస్తూనే ఉంటాయి. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నడక ఆగుతుంది, ఆగిన నడక మళ్లీ మొదలవ్వడం కష్టం. అందుకే వానరోజులకు ఇంట్లోనే ఒక దారి పెట్టుకోండి. వంటింటి నుంచి వసారా దాకా ఎన్ని అడుగులో ఒకసారి లెక్కపెడితే ఎన్ని సార్లు తిరగాలో తెలిసిపోతుంది.

కనిగిరి, పామూరు వైపు ఉన్నవారికి ఒక మాట. ఆ ప్రాంతంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. అంతకంటే బాగా ఎక్కువున్న నీళ్లు ఏళ్ల తరబడి తాగినవారికి వెన్ను, కీళ్లు బిగుసుకుపోవచ్చు. మీకు మెడ తిరగకపోవడం, నడుము వంగకపోవడం ఉంటే దాన్ని ముసలితనమని వదిలేయకుండా ముందు డాక్టర్‌కు చూపించుకోండి. బలవంతంగా వంగే ఆసనాలు చేయవద్దు. మీకు మెల్లగా నడవడం, కుర్చీలో కూర్చుని చేసేవి నయం.

కుర్చీ దగ్గర కాసేపు

నడక ఒక్కటే చాలనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పడిపోకుండా కాపాడేది తొడల బలం, నిలకడ. ముప్పై దాటిన దగ్గర్నుంచి కండ కొంచెం కొంచెంగా తగ్గుతూ వస్తుంది, అరవై తర్వాత ఆ తగ్గుదల వేగం పెరుగుతుంది. నడిచే మనిషికి కూడా తగ్గుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదాని ప్రకారం అరవై అయిదు దాటినవారు నడకతోపాటు వారానికి కనీసం 2 రోజులు కండకు బలాన్నిచ్చేవి, 3 రోజులు నిలకడ పెంచేవి చేయాలి.

ముందు మీ లెక్క తెలుసుకోండి. చేతులు లేని గట్టి కుర్చీని గోడకు ఆనించి పెట్టండి. పక్కన ఒక మనిషి నిలబడాలి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరో లెక్కపెట్టండి. చేతులు ఊతంగా పెట్టాల్సి వస్తే లెక్క సున్నా. అరవై నుంచి అరవై నాలుగేళ్ల మగవారికి 14, ఆడవారికి 12 కంటే తక్కువ వస్తే కాళ్లు బలహీనపడ్డాయని అర్థం. డెబ్బై నుంచి డెబ్బై నాలుగు మధ్య మగవారికి 12, ఆడవారికి 10. డెబ్బై అయిదు నుంచి డెబ్బై తొమ్మిది మధ్య 11, 10. వచ్చిన అంకెను తేదీ వేసి పుస్తకంలో రాయండి.

తర్వాత అదే కుర్చీ మీ వ్యాయామం. అయిదుసార్లు లేచి కూర్చోండి, ఒక నిమిషం ఆగండి, మళ్లీ అయిదుసార్లు. మొదట్లో చేతులు తొడల మీద పెట్టి లేవవచ్చు. కూర్చునేటప్పుడు ధబ్బున పడకుండా మెల్లగా దిగండి, బలం ఎక్కువ వచ్చేది అక్కడే. ఊపిరి బిగపట్టకూడదు. లేస్తూ ఊపిరి వదలండి. రెండు వారాలు సులువుగా వచ్చాక రెండేసి పెంచండి.

రెండోది వంటింటి గట్టు దగ్గర. గట్టు పట్టుకుని మడమలు పైకెత్తి మునివేళ్ల మీద మూడు సెకన్లు నిలబడి దిగడం, పదిసార్లు. పాలు కాగేలోపు అయిపోతుంది. మూడోది గోడకు మూరెడు దూరంలో నిలబడి రెండు చేతులతో గోడను నెట్టడం.

నిలకడకు: ముందు రెండు పాదాలు దగ్గర పెట్టి 10 సెకన్లు నిలబడండి. అది వస్తే ఒక పాదాన్ని సగం ముందుకు పెట్టి నిలబడండి. అదీ వస్తే ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లకు తగిలేలా పెట్టండి. ఎప్పుడూ గట్టు మీద చేయి ఆనేంత దగ్గర్లో ఉండాలి, తడి నేల మీద చేయకూడదు.

ఆకుకూర వలవడం, బియ్యం ఏరడం, పూలు కట్టడం మంచివే. చేతివేళ్లకు పని, మనసుకు కాలక్షేపం. కానీ అవన్నీ కూర్చుని చేసేవి. వాటిని కాళ్ల ఖాతాలో వేసుకోవద్దు.

కండకు తిండి కూడా కావాలి. కిడ్నీ జబ్బు లేనివారికి ఒంటి బరువు కిలోకు ఒక గ్రాము చొప్పున మాంసకృత్తులు అవసరం. అరవై కిలోల మనిషికి అరవై గ్రాములు. ఒక గుడ్డులో సుమారు ఆరు గ్రాములు, నూరు గ్రాముల చేపలో ఇరవై దాకా వస్తాయి. పళ్లు సరిగ్గా లేవని పెద్దవాళ్లు రసం అన్నం, మజ్జిగన్నంతో సరిపెడతారు. పప్పు, గుడ్డు, పెరుగు, మెత్తగా ఉడికిన చేప పూటకొకటైనా ఉండేలా చూడండి.

పొలం పని, కూలి పని చేసేవారికి

ఇంతవరకు చెప్పినది ఇంట్లో కూర్చునేవారి గురించి. టంగుటూరు, కొండపి వైపు అరవై దాటిన ఆడవాళ్లు ఇప్పటికీ పొగాకు గ్రేడింగుకు, అంటే ఆకును రకాలుగా వేరుచేసే పనికి వెళ్తారు. వరి నాట్లకు, కలుపుకు వెళ్లేవాళ్లు నెల్లూరు పల్లెల్లో ఎందరో. వాళ్లకు "రోజూ అరగంట నడవండి" అని చెప్పడం న్యాయం కాదు. గంటల తరబడి గొంతుక్కూర్చుని, లేదా నడుం వంచి చేసే పనిలో శ్రమ ఉంది కానీ ఒంటికి కావాల్సిన రకరకాల కదలికలు లేవు. మీకు కావాల్సింది ఇంకో శ్రమ కాదు, మధ్యమధ్యలో విరామం.

గంటకోసారి లేచి నడుం మీద చేతులు పెట్టి మెల్లగా వెనక్కి వంగండి, నాలుగడుగులు వేయండి. కింద గొంతుక్కూర్చునే బదులు చిన్న పీట వేసుకుంటే మోకాలికి బాధ తగ్గుతుంది. మధ్యాహ్నం చెట్టు కింద ఇరవై నిమిషాలు నడుం వాల్చడం మీకు హక్కు, మొహమాటపడవద్దు. ఇంటికి వచ్చాక మళ్లీ నీళ్లు మోయడం, అంట్లు తోమడం మొత్తం మీ మీదే పడితే రాత్రి ఎంత పడుకున్నా అలసట తీరదు. ఇంట్లో మిగతావాళ్లకు ఆ పనులు పంచండి.

విశ్రాంతి

విశ్రాంతి అంటే పడుకోవడమే అనుకుంటాం. కూర్చుని పిక్కలు చాచుకోవడం, కళ్లు మూసుకుని పది నిమిషాలు మౌనంగా ఉండడం, అరుగు మీద పక్కింటివాళ్లతో మాట్లాడడం కూడా విశ్రాంతే. వీటివల్ల రాత్రి నిద్రలోంచి ఏమీ తగ్గదు.

మధ్యాహ్నం కునుకు తీయాలనిపిస్తే తీయండి. 20 నుంచి 30 నిమిషాలు, మూడింటిలోపు. అలారం పెట్టుకుని పడక కుర్చీలో వాలితే మంచిది. మంచం మీద, ఫ్యాన్ కింద, దుప్పటి కప్పుకుంటే అరగంటలో లేవడం అయ్యే పని కాదు. వేసవిలో పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి వెళ్లలేం కనుక మా ఇంట్లో ముప్పావుగంట దాకా ఒప్పుకుంటాం, అది దాటనివ్వం.

ఒకే చోట అరగంటకు మించి కూర్చోవద్దు. టీవీలో అడ్వర్టైజ్‌మెంట్ వచ్చిన ప్రతిసారీ లేచి గుమ్మం దాకా వెళ్లి రండి. రిమోట్‌ను టీవీ దగ్గరే వదిలేయడం మా అమ్మ కనిపెట్టిన ఉపాయం. ఛానెల్ మార్చాలంటే లేవాల్సిందే.

ఇక అందరం చేసే తప్పు, ఒంట్లో బాగున్న రోజు ఉన్న పనంతా చేసేయడం. సంక్రాంతికి అరిసెలు, చక్రాలు అన్నీ ఒకే రోజు పెట్టుకుని, పొద్దున్నుంచి రాత్రి దాకా పొయ్యి దగ్గర నిలబడి, తర్వాత మూడు రోజులు నడుం పట్టేసి మంచం మీద. ఆ మూడు రోజుల్లో పగటి నిద్ర పెరుగుతుంది, రాత్రి నిద్ర పోతుంది, కాళ్లు నీరసిస్తాయి. అరిసెలు ఒక రోజు, చక్రాలు రెండు రోజుల తర్వాత చేయండి. ఇరవై నిమిషాలు పని, అయిదు నిమిషాలు కూర్చోవడం. అలసట వచ్చాక ఆగడం కాకుండా రాకముందే ఆగాలి. పని చేసిన రెండు గంటల తర్వాత కూడా కీళ్ల నొప్పి ముందుకంటే ఎక్కువగా ఉంటే, ఆ రోజు మోతాదు మించిందని అర్థం. రేపు మానేయకండి, తగ్గించండి.

రాత్రి

పడుకోవడానికి రెండు మూడు గంటల ముందే భోజనం ముగించండి. నెల్లూరు చేపల పులుసు మధ్యాహ్నం తినండి. పులుపు, కారం కలిసి రాత్రి పూట గుండెల్లో మంట తెస్తే అది నిద్ర పాడుచేస్తుంది. కాఫీ, టీ మధ్యాహ్నం రెండు తర్వాత వద్దు. అందులోని కెఫీన్ అయిదు గంటలకు గానీ సగం తగ్గదు. అంటే సాయంత్రం అయిదింటి కాఫీలోని కెఫీన్‌లో సగం, రాత్రి పదింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. ఒక పెగ్గు వేస్తే నిద్ర పడుతుందనేవారు మొదటి సగం రాత్రే చూస్తారు, రెండో సగంలో మెలకువలు తెచ్చేది అదే.

దోమల సంగతి నెల్లూరు వాళ్లకు చెప్పక్కర్లేదు. దోమతెర కట్టుకోండి. మంచం నిద్రకే ఉంచండి, ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. పడుకున్నాక ఇరవై నిమిషాలకు పైగా నిద్ర రాలేదనిపిస్తే దొర్లకుండా లేచి, చిన్న వెలుతురులో కూర్చుని జపమో, చదువుకోవడమో చేయండి. కళ్లు బరువెక్కాక మళ్లీ వెళ్లండి. గడియారం చూడొద్దు, చూస్తే లెక్కలు మొదలవుతాయి.

రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవాల్సి వస్తే, నీళ్లు పొద్దుటి పూట ఎక్కువ, సాయంత్రం తర్వాత తక్కువ తాగండి. కాళ్లు వాచేవారు సాయంత్రం అరగంట కాళ్లు ఎత్తు మీద పెట్టుకుంటే పాదాల్లో చేరిన నీరు పడుకోకముందే బయటికి పోతుంది. బీపీకి, గుండెకు వాడే నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) ఏ పూట వేసుకోవాలో డాక్టర్‌ను అడగండి. మగవారికి ప్రొస్టేట్ వాపు, ఎవరికైనా షుగర్ ఉందేమో చూపించుకోవాలి. లేచేటప్పుడు మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చున్నాకే నిలబడండి. ఒక్కసారిగా లేస్తే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మంచం నుంచి బాత్‌రూమ్ దాకా రాత్రంతా ఒక చిన్న బల్బు వెలగనివ్వండి, తలగడ పక్కన టార్చి ఉంచండి, దారిలో జారే కాళ్లపట్టాలు తీసేయండి.

నిద్రమాత్రలు మెడికల్ షాపులో అడిగి తెచ్చుకోవద్దు. పెద్ద వయసులో అవి ఒంట్లో ఎక్కువసేపు ఉండి తూలడానికి, పడి తుంటి ఎముక విరగడానికి, మతిమరుపుకు దారి తీస్తాయి. ఇప్పటికే రోజూ వాడుతుంటే మాత్రం హఠాత్తుగా మానకండి, డాక్టర్ చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించాలి. వారానికి మూడు రాత్రులకు తక్కువ కాకుండా మూడు నెలలుగా నిద్ర లేకపోతే వైద్యం అవసరమే. దానికి మొదటి వైద్యం మాత్రలు కావు, నిద్ర అలవాట్లనూ దాని చుట్టూ ఉండే భయాలనూ సరిచేసే చికిత్స.

వెంటనే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినవి

నడుస్తుంటే ఛాతీలో బరువు, ఎడమ చేయి లేదా దవడ లాగడం, చల్లటి చెమటలు వస్తే అక్కడే ఆగి 108కి ఫోన్ చేయించండి. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు ఖాళీ కడుపుతో నడవొద్దు. జేబులో చక్కెర బిళ్లలో బెల్లం ముక్కో ఉంచుకోండి, వణుకు, చెమట, ఆకలి వస్తే వెంటనే తినండి. గట్టిగా గురక పెడుతూ మధ్యలో ఊపిరి ఆగినట్టు ఇంట్లోవాళ్లు చూస్తే అది నిద్రలో వచ్చే జబ్బు, గుండెకు చేటు. పడుకోగానే కాళ్లు లాగి, కదిపితేగానీ ఊరుకోకపోతే రక్తంలో ఇనుము చూపించుకోండి. ఉన్నట్టుండి నిద్ర పెరిగిపోయినా, ఏ పనీ ఇష్టం లేకపోయినా, తెల్లవారుజామున లేచి దిగులుగా ఉన్నా దాన్ని వయసు మీద వేయకండి.

పిల్లలకు

"నువ్వు కూర్చో అమ్మా, మేం చేస్తాం" అనే మాట మనం ప్రేమతోనే అంటాం. ఆ మాటతో రోజుకు నాలుగు పనులు తీసేస్తే, ఏడాదికి వాళ్ల కాళ్లలోంచి ఎంత పోతుందో నేను మా నాయన దగ్గర చూశాను. ఆయన చేయగలిగిన పని ఆయన్నే చేయనివ్వండి, ఆలస్యమైనా సరే. కాఫీ కప్పు ఆయనే వంటింట్లో పెట్టి రానీ. పేపర్ గేటు దగ్గర్నుంచి ఆయనే తెచ్చుకోనీ. పక్కన ఉండండి, ముందుకెళ్లి చేసేయకండి. జ్వరం వచ్చినా, ఆపరేషన్ అయినా డాక్టర్‌ను మొదటి రోజే అడగండి: "ఎప్పటి నుంచి కూర్చోబెట్టాలి, ఎప్పటి నుంచి నడిపించాలి?" ఆ ప్రశ్న నేను అడగలేదు. "రెస్టు ఎన్ని రోజులు?" అని మాత్రమే అడిగాను.

ఇన్ని ఒకేసారి మొదలుపెట్టొద్దు. మొదటి రెండు వారాలు లేచే టైము, పొద్దుటి వెలుతురు. తర్వాత రెండు వారాలు నడక, దాంతోపాటు మధ్యాహ్నపు కునుకు కుదించడం. నెల దాటాక కుర్చీ. రాత్రి సంగతులు మధ్యలో వీలైనప్పుడు సర్దుకోవచ్చు. కుర్చీ లెక్క మాత్రం రెండు మూడు నెలలకోసారి మళ్లీ వేసి, పాత అంకె కిందే రాయండి.

మా నాయన చేత కార్తీకంలో మొదటిసారి చేయించినప్పుడు చేతులు పెట్టకుండా ఒక్కసారి కూడా లేవలేకపోయారు. "నాకేమయిందే అమ్మణ్ణీ, బాగానే ఉండా" అంటూనే కుర్చీ అంచు పట్టుకున్నారు. పుస్తకంలో సున్నా రాశాను. సంక్రాంతికి ఆరు. ఉగాది పచ్చడి తిన్నాక ఆయనే కుర్చీ లాక్కొచ్చి గోడకు వేసుకుని నన్ను టైము చూడమన్నారు. తొమ్మిది వచ్చింది. ఆయన వయసుకు ఇంకా రెండు కావాలి. పొద్దున్నే తూము దాకా వెళ్లి రావడం మాత్రం మళ్లీ మొదలుపెట్టారు.